అలసిన మృత్యువు

కథ ముందే తెలిసిపోవుట కథకు లోపమని సాధారణముగా అందురు. దయ్యములు, ప్రేతములు కనిపించు చలనచిత్రముల విషయమున ఈ ఆక్షేపణ మరింత తరచుగా వినవచ్చును. తలుపు చప్పుడైనంతనే వెలుపల నున్న దెవరో ప్రేక్షకుడు గ్రహించును. దీపము రెపరెపలాడినంతనే అది ఆరిపోవునని ఎరుగును. చనిపోయినవారిని తిరిగి తెచ్చుకొనవలెనని ఏ పాత్రయైన బయలుదేరినచో ఆ ప్రయత్నము ఫలింపదని మొదటనే నిశ్చయించుకొనును. అయినను చివరివరకు కూర్చుండును. తృప్తితో ఇంటికి పోవును. మిత్రులకు చెప్పి వారినిగూడ పంపును. ముగింపు తెలిసిన కథలో ఇంత ఆకర్షణ యెక్కడిది? అందులోను అది ఆత్మీయులను పోగొట్టుకొన్నవారి దుఃఖమునుగూర్చిన కథ యైనప్పుడు, ఆ తెలిసిన ముగింపువలన దుఃఖితులకు కలుగు మేలేమి? ఈ ప్రశ్నకు సమాధానమును ఒక పాత జర్మను మూకీ చిత్రముయొక్క చరిత్రలో వెదకవలెనని మా ఉద్దేశము.

ఆ చిత్రము పేరు ‘డెర్ మ్యూడె టోట్’. ‘అలసిన మృత్యువు’ అని దాని అర్థము. 1921 అక్టోబరులో బెర్లిను నగరమున అది మొదటిసారి ప్రదర్శింపబడినది. నిర్మించినది ఎరిక్ పోమర్ ఆధ్వర్యమున నుండిన డెక్లా బయస్కోప్ సంస్థ. దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్. కథను ఆయనయు, థేయా ఫాన్ హార్బో అను రచయిత్రియు కలిసి కూర్చిరి. మరుసటి సంవత్సరము వారిరువురు వివాహమాడిరి. తరువాతి కాలమున ‘మెట్రోపోలిస్’ (1927), ‘ఎం’ (1931) మొదలగు చిత్రములతో లాంగ్ లోకప్రసిద్ధు డయ్యెను గాని, 1921 నాటికి ఆయన ముప్పదియేండ్ల యువకుడు. ఆస్ట్రియా సైన్యములో పనిచేసి, యుద్ధములో గాయపడి, సినిమారంగమునకు వచ్చినవాడు.

ఈ చిత్రమును చూచిన తొలి ప్రేక్షకు లెట్టివారో తెలిసికొన్నగాని దాని బలము బోధపడదు. 1914లో ప్రారంభమై 1918 నవంబరులో ముగిసిన మొదటి ప్రపంచ యుద్ధములో జర్మనీ సుమారు 20 లక్షలమంది సైనికులను పోగొట్టుకొన్నది. ఫ్రాన్సు దేశమునకు కలిగిన నష్టము 13 లక్షలకు పైబడినది. యుద్ధము ముగియుచుండగనే ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి ప్రపంచమును చుట్టుముట్టినది. 1918, 1919 సంవత్సరములలో అది మన దేశముననే కోటిమందికి పైగా బలిగొన్నది. మరణము ఐరోపాకు క్రొత్తది కాదు. కాని ఈ యుద్ధమరణములలో ఒక విశేషము కలదు. చనిపోయినవాని శరీరము తరచుగా ఇంటికి రాలేదు. తల్లి తన కుమారుని ముఖమును కడసారి చూడలేదు. ఒక కాగితము వచ్చినది. దానిపై ఒక తేదీ, ఒక ఊరిపేరు ఉన్నవి. కొన్నిచోట్ల ఆ మాత్రమును లేక, ‘జాడ తెలియదు’ అను మాట మాత్రమే వచ్చినది.

ఫిరంగి గుండ్లు దున్నివేసిన నేలలో వేలకొలది దేహములు గుర్తు తెలియక కలిసిపోయెను. ఫ్రాన్సులో వెర్డన్ పట్టణమునకు సమీపమున డువామో అను చోట నున్న అస్థిశాలలో సుమారు 1,30,000 మంది పేరు తెలియని సైనికుల ఎముకలు కలవు. వాటిలో ఏవి ఫ్రెంచివారివో, ఏవి జర్మనులవో చెప్పుట సాధ్యము కాదు. 1920 నవంబరు 11వ తేదీన లండనులోని వెస్ట్‌మినిస్టరు ఆబీలోను, 1921 జనవరిలో పారిసులోని విజయతోరణముక్రిందను ఒక్కొక్క అజ్ఞాత సైనికుని సమాధి చేసిరి. ఆ సమాధిలో నున్నవాడు తన కుమారుడే కావచ్చునని ప్రతి తల్లియు తలచుకొనుటకు వీలుకలిగెను. మన ఇండ్లలో ఎవరైన పోయినప్పుడు దినవారములు, బంధువుల రాకపోకలు, పదిమంది చెప్పు ఓదార్పు మాటలు దుఃఖమునకొక క్రమమును ఏర్పరచును. ఏ దినమున ఏమి చేయవలెనో నిర్ణయమై యుండుటవలన మనిషి ఆ దినములను ఎట్లో దాటగలుగును. శరీరమే లేనప్పుడు ఆ క్రమమునకు మొదలు లేదు; మొదలు లేనిదానికి తుదియు లేదు.

ఇట్టి స్థితిలో చనిపోయినవారితో సంభాషింపవచ్చునను ఆశ విస్తరించుటలో వింత లేదు. ఇంగ్లండులో సర్ ఆలివర్ లాడ్జ్ పేరుపొందిన భౌతికశాస్త్రజ్ఞుడు. ఆయన కుమారుడు రేమండ్ 1915లో యుద్ధమున మరణించెను. కుమారుని ఆత్మ తనతో మాటలాడినదని చెప్పుచు లాడ్జ్ 1916లో ‘రేమండ్’ అను గ్రంథమును ప్రకటించెను. అపరాధపరిశోధకుడైన షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన సర్ ఆర్థర్ కానన్ డాయిల్ కుమారుడు యుద్ధమున గాయపడి, 1918లో ఇన్‌ఫ్లుయెంజా తరువాత వచ్చిన న్యుమోనియావలన కన్నుమూసెను. తర్కమునకు మారుపేరైన పాత్రను సృష్టించిన ఆ రచయిత, ప్రేతాత్మల ఛాయాచిత్రములు సత్యములేయని వాదించుచు 1922లో ఒక పుస్తకమే వ్రాసెను.

ఈ ఛాయాచిత్రముల కథ అంతకు పూర్వముననే మొదలైనది. అమెరికాలో బోస్టన్ నగరమున విలియం మమ్లర్ అను నతడు 1860 ప్రాంతమునుండి ఇట్టి బొమ్మలు తీసి అమ్ముచుండెను. బ్రతికియున్నవారు కుర్చీలో కూర్చుండగా, వారి వెనుక మంచువలె పలుచనైన మరియొక ఆకారము బొమ్మలో కనిపించును. అంతర్యుద్ధములో బిడ్డలను పోగొట్టుకొన్న తల్లిదండ్రులు ఆయన వద్దకు వచ్చిరి. 1869లో మోసమని అతనిపై న్యూయార్కులో విచారణ జరిగినది గాని నేరము రుజువు కాలేదు. హత్యచేయబడిన అధ్యక్షుడు లింకను భార్య మేరీ గూడ అతనిచేత బొమ్మ తీయించుకొన్నది. అందులో ఆమె భుజములపై చేతులుంచిన లింకను ఆకారము కనబడును. ఈ విద్యలోని కిటుకు సులభమైనది. ఒకే పలకపై రెండు పర్యాయములు వెలుతురు పడనిచ్చినచో రెండు బొమ్మలు ఒకదానిలోనొకటి కలిసిపోవును. రెండవది పలుచగా, పారదర్శకముగా కనబడును. కిటుకు చిన్నదే, కాని దానిని నమ్మినవారి దుఃఖము చిన్నది కాదు.

సినిమా ఇదే కిటుకును చేపట్టినది. భేద మొక్కటే. ఛాయాచిత్రకారుడు ‘ఇది నీ కుమారుడు’ అని చెప్పి సొమ్ము పుచ్చుకొనెను. సినిమా ‘ఇది కథ’ అని ముందుగనే చెప్పి దీపములార్పినది. ఈ భేదము పైకి కనిపించినంత స్వల్పము కాదు. నిజమని చెప్పిన ప్రేతము దుఃఖితుని మోసగించును. కథయని చెప్పిన ప్రేతము అతనిచేత తన దుఃఖమును తానే చూచుకొనునట్లు చేయగలదు.

యుద్ధానంతరమున మృతులు తెరపైకి తిరిగివచ్చిన చిత్రములు మరి రెండు పేర్కొనదగినవి. ఫ్రాన్సులో అబెల్ గాన్స్ తీసిన ‘జాక్యూజ్’ 1919లో విడుదలైనది. ‘నేను నేరము మోపుచున్నాను’ అని ఆ పేరున కర్థము. చివరి ఘట్టమున యుద్ధభూమిలో పడియున్న శవములు లేచి, తమ త్యాగమునకు తగినట్లు ఇంటివారు బ్రతుకుచున్నారా లేదా యని చూచుటకై స్వగ్రామముల దారిపట్టును. ఆ శవముల వేషములు వేసినవారు నటులు కారు. యుద్ధరంగమునుండి సెలవుపై వచ్చిన నిజమైన సైనికులు. వారిలో అనేకులు సెలవు ముగిసి తిరిగిపోయి, కొలది వారములలోనే మరణించిరని గాన్స్ తరువాత చెప్పెను. స్వీడను దేశమున విక్టర్ షోస్ట్రోమ్ దర్శకత్వమున వచ్చిన ‘మృత్యుశకటము’ 1921 జనవరి 1వ తేదీన విడుదలైనది. నోబెల్ బహుమతి నందిన సెల్మా లాగర్‌లోఫ్ 1912లో ప్రకటించిన నవల దానికి మూలము. సంవత్సరము చివరిరాత్రి పండ్రెండుగంటలు కొట్టునప్పుడు మరణించినవాడు మరుసటి సంవత్సరమంతయు మృత్యువు బండిని తోలవలెనన్న నమ్మకముపై ఆ కథ నడచును. ఛాయాగ్రాహకుడు యూలియస్ యెన్సన్ ఒకే ఫిల్ముపై పలుమారులు బొమ్మలు తీసి, సముద్రపు అలలపై పోవుచున్న ఆ పారదర్శకమైన బండిని సాధించెను.

ఈ రెండు చిత్రములలోను మృతులు బ్రతికినవారిని నిలదీయుదురు. లాంగ్ చిత్రములో అట్లు కాదు. ఇందులో బ్రతికియున్న ఒక యువతి మృత్యువును నిలదీయును. లాంగ్ చిన్నతనమున తీవ్రమైన జ్వరముతో పడియున్నప్పుడు, వెన్నెలలో కిటికీవద్ద వెడల్పైన టోపీ ధరించిన అపరిచితుడొకడు తనకొరకు వచ్చి నిలిచినట్లు కలగనెనట. ఆ భయమును, దానితో కలిసిన ఒకవిధమైన ఆకర్షణను తాను ఎన్నడు మరువలేదని ఆయన తరువాత చెప్పెను. ఆయన తల్లి 1920లో మరణించెను. మరుసటి సంవత్సరమే ఆ టోపీధారి తెరపైకి వచ్చెను.

కథ యేదో కాలమున, యేదో ఊరిలో జరిగినట్లు మొదలగును. ఒక యువకుడు, అతని ప్రియురాలు గుర్రపుబండిలో ప్రయాణము చేయుచుండగా దారిలో నల్లని దుస్తుల అపరిచితుడు బండి యెక్కును. అతడు అంతకుముందే ఆ ఊరి పెద్దలకు బంగారమిచ్చి శ్మశానము ప్రక్కనున్న భూమిని 99 సంవత్సరములకు కౌలుకు తీసికొని, చుట్టును మహోన్నతమైన గోడ కట్టించి యుండెను. ఆ గోడకు ద్వారము లేదు, కిటికీ లేదు. ఊరి పెద్దలు దానిని చూచి గుసగుసలాడుదురు. కాని బంగారము బంగారమే గనుక ఊరకుందురు. ఈ ఘట్టమున లాంగ్ చూపిన హాస్యము మిక్కిలి మెలకువతో కూడినది.

ముగ్గురును ఒక సత్రములో ఒకే బల్లవద్ద కూర్చుందురు. యువతి కన్నులముందే పానపాత్ర ఇసుకగడియారముగా మారును. ఆమె బెదరి క్షణకాలము లోపలికి పోయి వచ్చునప్పటికి ప్రియుడును లేడు, అపరిచితుడును లేడు. ఊరంతయు వెదకి, రాత్రివేళ ఆ ద్వారములేని గోడవద్దకు చేరును. అచట ఒక ప్రేతసమూహము ఆమె నెదుర్కొని, ఆమె చూచుచుండగనే గోడలోనికి చొచ్చుకొనిపోవును. వారిలో ఆమె ప్రియుడును ఒకడు. మమ్లర్ అమ్మిన బొమ్మలలోని కిటుకే ఇది. కాని ఈ ఆకారములు ఆమె భుజముపై చేయి వేయవు, ఆమెను గుర్తింపవు, నడచిపోవుచుండును. చనిపోయినవారు మనవైపు తిరిగి చూడరన్న సత్యమును ఇంత నిరాడంబరముగా చెప్పిన దృశ్యములు అరుదు.

గోడలోపల నున్నది పొడవైన కొవ్వొత్తులతో నిండిన చీకటి మందిరము. ఒక్కొక్క కొవ్వొత్తి ఒక్కొక్క ప్రాణము. యువతి ప్రియుని తిరిగి యిమ్మని ప్రార్థించును. మృత్యువు కోపగింపడు; ఎగతాళి చేయడు. ఒక కొవ్వొత్తి జ్వాలను చేతులలోనికి తీసికొనును. అది పసిబిడ్డగా మారి మాయమగును. వేరొకచోట ఒక తల్లి ఊయలపై పడి యేడ్చును. తన పని తనకు భారమైనదని, దైవాజ్ఞను నెరవేర్చుచు మనుష్యుల ద్వేషమునకు పాత్రుడగుచున్నానని ఆయన చెప్పును. తరువాత రెపరెపలాడుచున్న మూడు దీపములను చూపి, వాటిలో ఒక్కదానినైన నీవు నిలుపగలిగినచో నీ ప్రియుని తిరిగి ఇత్తునని పందెము వేయును.

ఇచ్చట మూడు ఉపకథలు వచ్చును. మొదటిది ఖలీఫా నగరమున, రెండవది వెనీసు ఉత్సవములలో, మూడవది చీనా చక్రవర్తి రాజ్యమున నడచును. మూడింటను ప్రియురాలు లిల్ డాగోవర్, ప్రియుడు వాల్టర్ యాన్‌సెన్. మృత్యువు వేషము ధరించిన బెర్న్‌హార్డ్ గెట్స్‌కె ఒకచోట తోటమాలిగా, ఒకచోట సేవకుడుగా, మరియొకచోట విలుకాడుగా వచ్చును. మొదటి కథలో ప్రియుడు చనిపోవును. రెండవ కథలో పగవాని పన్నాగమునకు చిక్కి, ఆమె పొరబాటువలననే ప్రియుడు హతుడగును. మూడవ కథ మొదలగునప్పటికి దాని ఫలితము ఏమగునో ప్రేక్షకులలో సందేహించువారుండరు. గెట్స్‌కె ముఖము కనబడినంతనే ఆట ముగిసినదని తెలియును. ఈ మూడు కథలు ఒకే అచ్చునుండి పోసినవని, అందులోని తూర్పుదేశములు నిజమైన దేశములు గాక స్టూడియోలో కట్టిన ఊహాలోకములని ఆక్షేపించినచో దానికి మేము ప్రతివాదము చేయము.

అయినను వాటిలోని వినోదము తక్కువది కాదు. చీనా కథలో గాలిలో తేలిపోవు తివాచి, పెట్టెనుండి చీమలబారువలె వెలువడు బుల్లి సైన్యము, ఆకాశమున పరుగెత్తు గుర్రము ఉన్నవి. ప్రియుడు పులిగాను, ప్రియురాలు శిలగాను మారుదురు. పులికి బాణము తగిలినప్పుడు శిలనుండి ఒక కన్నీటిబొట్టు రాలును. అమెరికా నటుడు డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ ఈ చిత్రముయొక్క అమెరికా హక్కులను కొని, దాని ప్రదర్శనను ఆలస్యము చేసి, ఈ తంత్రములను తన ‘బాగ్దాదు దొంగ’ (1924) చిత్రమునకు ఉపయోగించుకొనెను. లోకమంతయు మెచ్చిన ఆ ఎగిరెడి తివాచికి పూర్వరూప మిదియే.

కథాసామగ్రియు పూర్తిగా క్రొత్తది కాదు. గ్రిమ్ సోదరులు సేకరించిన జర్మను జానపదకథలలో మృత్యువు ఒకనికి ధర్మపితయై, ప్రాణములు దీపములుగా వెలుగు గుహను అతనికి చూపును. డెన్మార్కు రచయిత హాన్స్ ఆండర్సన్ 1847లో ప్రకటించిన ‘ఒక తల్లి కథ’లో, బిడ్డను పోగొట్టుకొన్న తల్లి మృత్యువు తోటవరకు వెంటబడి పోవును. లాంగ్ తన చిత్రమునకు ‘ఆరు చరణముల జర్మను జానపదగీతము’ అని ఉపశీర్షిక నుంచెను. జానపదగీతమును వినువాడు తరువాతి చరణమేమో తెలియక వినడు. తెలిసియే వినును, తెలియుటవలననే గొంతు కలుపగలుగును. 1921 నాటి ప్రేక్షకులకు ఇందులో ఒక ఊరట కలిగియుండునని మా అభిప్రాయము. వారి ఇండ్లలోనికి మరణము చెప్పకుండ, ముఖము చూపకుండ వచ్చినది. తెరపై అది తెలిసిన అడుగులతో, తెలిసిన ముఖముతో, ఒకటి రెండు మూడని లెక్కించుకొనుటకు వీలుగా వచ్చినది. వారి జీవితములలో తప్పిపోయిన క్రమము కథలో దొరికినది.

కాని చిత్రము ఇంతటితో ముగిసియుండినచో అది అందమైన బొమ్మలపుస్తకముగనే మిగిలియుండెడిది. మూడు దీపములును ఆరిపోయిన పిమ్మట మృత్యువు జాలిపడి యువతికి కడపటి అవకాశ మిచ్చును. ఒక్క గంటలోపల, ఇంకను ఆయువు తీరని మరియొక ప్రాణమును తెచ్చి యిచ్చినచో మారుగా ప్రియుని ఇచ్చెదననును. ఆమె వృద్ధుడైన ఔషధవిక్రేతను అడుగును. బ్రతికి విసిగితినని అనుచుండిన ఆయన ఆమెను తరిమివేయును. బిచ్చగానిని అడుగును, అతడును కాదనును. దిక్కులేని ముసలివారుండు శరణాలయమునకు పోవును; కాటికి కాళ్లు చాచిన ఆ వృద్ధులు ఒక్క ఊపిరినైన ఇచ్చుటకు అంగీకరింపక పరుగెత్తుదురు.

ఈ ఘట్టమును చూచినప్పుడు బౌద్ధవాఙ్మయమునందలి కిసాగోతమి మనకు జ్ఞాపకము రాక మానదు. చనిపోయిన బిడ్డను చంకబెట్టుకొని ఆమె బుద్ధుని మందడిగెను. చావు ఎరుగని ఇంటినుండి పిడికెడు ఆవాలు తెమ్మని ఆయన చెప్పెను. ఇల్లిల్లు తిరిగిన పిమ్మట తన దుఃఖము తన ఒక్కదానిదే కాదని ఆమె గ్రహించెను. లాంగ్ కథానాయికయు ఇల్లిల్లు తిరుగును. కాని ఆమె అడుగునది ఆవాలు కాదు, ప్రాణము. ఆమెకు దొరకునది ఓదార్పు కాదు, నిరాకరణము. మనిషికి తన ప్రాణముపై ఎంత మమకారమో ఆ రాత్రి ఆమెకు తెలియును. ఆ తెలివియే తరువాతి ఘట్టమున ఆమెచేతిలో దీపమగును.

ఆ శరణాలయమునకు నిప్పంటుకొనును. అందరును వెలుపలికి వచ్చిన పిమ్మట తన పసిబిడ్డ లోపల చిక్కుకొన్నదని ఒక తల్లి గుండెలు బాదుకొనును. యువతి మంటలలోనికి దూకి బిడ్డను చేరును. అప్పుడు మృత్యువు ఎదుట ప్రత్యక్షమై చేతులు చాచును. ఆమె కోరినది చేతిలోనే యున్నది. బిడ్డ నిచ్చినచో ప్రియుడు తిరిగివచ్చును. చూచువారు లేరు, అడుగువారు లేరు. బిడ్డ మంటలలో పోయినదనియే లోకము తలచును. ఆమె ఒక్క క్షణము నిలుచును. వెలుపల తల్లి యేడ్పు వినును. బిడ్డను కిటికీనుండి దింపి ఆ తల్లికి అందజేయును. తరువాత మృత్యువువైపు తిరిగి, ఈ వెల యిచ్చి తన ప్రియుని కొనజాలనని చెప్పి, తన్నే తీసికొమ్మనును. ఆయన ఆమెను ప్రియుని చెంతకు చేర్చును.

ప్రియుడు బ్రతికి రాడన్న ముగింపును మనము ముందే ఊహించితిమి, అది తప్పలేదు. ఊహింపనిది ఒక్కటే: అతనిని బ్రతికించుకొను మార్గము నిజముగా ఆమె చేతికి వచ్చుట, దానిని ఆమె విడిచిపెట్టుట. మూడుమారులు ఓడిపోయినప్పుడు ఆమె చేతిలో నేమియు లేదు. అంతయు విధి చేసినది. నాలుగవమారు విధి తొలగి నిలిచినది, నిర్ణయము ఆమెది. మూడు కథలను ఒకే అచ్చున పోసి, ఫలితమును మనకు అలవాటు చేసి, ఆ అలవాటునుండి ఈ ఒక్క క్షణమును వేరుచేసి చూపుటకే లాంగ్ అంత శ్రమపడెనని మాకు తోచుచున్నది. ఒక ప్రయోజనముకొరకు మరియొకరి బిడ్డను వెలగా చెల్లించుట అప్పటికి నాలుగేండ్లపాటు రాజ్యములు చేసిన పనియే. ఆ వెలను చెల్లించిన తల్లులు చిత్రశాలలో కూర్చుండియుండగా, తెరపై ఒక సామాన్య యువతి ‘ఈ వెల నేను చెల్లింపను’ అని బిడ్డను తల్లికి తిరిగి యిచ్చినది. దుఃఖముననుభవించినవారు లోకముపై కసి పెంచుకొనవచ్చును; లేదా ఇతరులకు ఆ దుఃఖము రాకుండ అడ్డుపడవచ్చును. ఈ చిత్రమున పణముగా నున్నది ఆ రెండింటి నడిమి ఎన్నికయే.

మన సావిత్రి కథతో దీనిని పోల్చుట సహజము. భారతము అరణ్యపర్వమున ఎఱ్ఱన తెనిగించిన భాగములో ఆ కథ కలదు, 1933లో సి. పుల్లయ్య దర్శకత్వమున కలకత్తాలో తీసిన తెలుగు ‘సావిత్రి’ చిత్రములో వేమూరి గగ్గయ్య యమధర్మరాజు వేషము ధరించెను. సావిత్రి యముని వెంటబోయి, వినయముతోను వాక్చాతుర్యముతోను వరములు పొంది, పతిప్రాణమును తెచ్చుకొనును. యము డనగా ధర్మమే గనుక ధర్మమునెరిగిన మాటకు లొంగును. లాంగ్ చూపిన మృత్యువునకు లొంగవలెనని యున్నను అధికారము లేదు. ఆయన ఆజ్ఞాబద్ధుడైన ఉద్యోగి. సావిత్రి గెలుపు తెలిసియే మనము వందలసార్లు చూచితిమి. ఈమె ఓటమి తెలిసియే జర్మనులు చూచిరి. రెండుచోట్లను కథ ఏమగునన్నది ప్రశ్న కాదు. ఆ స్త్రీ ఎట్లు నిలుచునన్నదియే ప్రశ్న.

ఈ చిత్రమునకు బెర్లినులో మొదట లభించిన ఆదరణ అంతంతమాత్రమే. ఫ్రాన్సులో ‘మూడు దీపములు’ అను పేర ప్రదర్శింపబడి ప్రశంసలందిన తరువాతనే స్వదేశమునను గౌరవము హెచ్చినది. స్పెయినుదేశీయుడైన దర్శకుడు లూయీ బునుయెల్, సినిమా కవిత్వము చెప్పగలదని తనకు ఈ చిత్రమువలననే తెలిసినదని తన ఆత్మకథలో వ్రాసెను. విమర్శకుడు సీగ్‌ఫ్రీడ్ క్రకావర్ 1947లో ప్రకటించిన గ్రంథమున వేరొక కోణమునుండి చూచి, ఉపకథలలో నిరంకుశుల చేష్టలే విధివలె కనబడుచున్నవని, విధికి తలయొగ్గు మనస్తత్త్వము ఇందు కలదని వాదించెను. తరువాతి చరిత్ర ఆ వాదమునకు బలము చేకూర్చినదనుట నిజమే. 1933లో హిట్లరు అధికారమునకు రాగా లాంగ్ జర్మనీ విడిచిపోయెను. హార్బో అచటనే యుండి ఆ ప్రభుత్వకాలమున పనిచేసెను. కాని మంటలలో నిలిచి బిడ్డను తల్లికిచ్చిన ఘట్టమును క్రకావర్ వాదము పూర్తిగా వివరింపజాలదు. తలయొగ్గుట వేరు, ఇతరుల తల నీయకుండుట వేరు.

కాలక్రమమున ఈ చిత్రముయొక్క మూలప్రతి మిగులలేదు. వివిధ దేశముల చిత్రభాండాగారములలో దాచియుంచిన ప్రతులను పోల్చి, నాటి రీతిలో దృశ్యములకు రంగుచాయలద్ది, జర్మనీలోని మూర్నౌ ప్రతిష్ఠానమువారు దానిని పునరుద్ధరించిరి. ఆ ప్రతిని 2016లో బెర్లిను చలనచిత్రోత్సవమున క్రొత్తగా కూర్చిన సంగీతముతో ప్రదర్శించిరి. దుఃఖితుల ఇంటికి భూతము వచ్చు కథలును ఆగలేదు. వెనీసు కాలువల నడుమ, చనిపోయిన కుమార్తె ఆకారమువంటి ఎర్రకోటు వెంట తిరుగు తండ్రిని నికొలస్ రోగ్ 1973లో చూపెను. భర్తను పోగొట్టుకొన్న స్త్రీని, ఆమె కుమారుని పీడించు భూతమును ఆస్ట్రేలియాలో జెనిఫర్ కెంట్ 2014లో ‘బాబడూక్’ చిత్రమున చూపెను. ప్రతిసారియు విమర్శకులలో ఎవరో ఒకరు ముగింపు ముందే తెలిసినదని అందురు. ఆ మాట నిజమే కావచ్చును. అట్టి చిత్రమును చూచినప్పుడు ముగింపు తెలిసినదా లేదాయని గాక, అది తెలిసిన పిమ్మటను ఆ పాత్రకు చేయుటకు మిగిలిన పని యేమైన కలదా, ఆ పనిని ఆమె యెట్లు చేసినదని చూడవలెనని మా మనవి. 1921లో మంటలచుట్టు నిలిచిన ఆ ఊరివారిలో ఒక తల్లికి మాత్రము బిడ్డ తిరిగి దక్కెను. అది ముందే తెలిసిన విషయము కాదు.